నేలనడిగి మిషన్ కొను, అల్లుడూ

అల్లుడూ,

సూరత్ వదిలి ఊరికి పోతానన్నావని, జనగామ దిక్కున ఉన్న మీ ఎకరం చెలకలో డ్రాగన్ ఫ్రూట్ పెడతానన్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతులో దిగులు కంటే సంతోషమే ఎక్కువ వినబడింది. నాకూ సంతోషమే. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ఊళ్ల నుంచి మూటాముల్లె కట్టుకొని వచ్చిన మన పద్మశాలీలు ఈ లింబాయత్ గల్లీల్లో, ఉధ్నా కార్ఖానాల్లో తరాలుగా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే బతికారు. పిల్లల్ని చదివించుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు. అయినా ఊళ్లో నాలుగు గుంటల నేల మిగిలి ఉన్నవాడి మనసు అటువైపే లాగుతుంది. ఆ నేలను మళ్లీ పచ్చగా చేస్తానని నీ వయసు పిల్లవాడు లేచి నిలబడితే వద్దనే మామను కాను నేను.

నువ్వు అడిగిన సంగతికి వస్తాను. స్తంభాలు పాతడానికి గుంతలు తీసే మిషన్, అదే ఆగర్, ఇక్కడే సూరత్ బజారులో కొని తీసుకుపోదామనుకుంటున్నావు. బ్యాటరీది మేలా, పెట్రోల్‌ది మేలా అని అడిగావు. అడగడంతో పాటు ఒక వీడియో కూడా పంపావు. అందులో ఒకతను గడ్డకట్టిన సరస్సు మీద నిలబడి బ్యాటరీ ఆగర్ దించాడు. అర నిమిషం గడవక ముందే అది మంచును తొలిచేసింది, నీళ్లు పైకి ఉబికాయి. పొగ లేదు, మోత లేదు, తాడు గుంజే పని లేదు. "మామా, రాయిలాంటి మంచునే ఇట్ల తొలుస్తుంటే మన మట్టి ఎంత?" అన్నావు.

ఆ మాట దగ్గరే నిన్ను కాసేపు నిలబెట్టాలనుకుంటున్నాను.

అమెరికాలోని మిన్నెసోటాలో, కెనడాలో, ఫిన్లాండ్‌లో చలికాలం వస్తే సరస్సులు గడ్డకడతాయి. జనం ఆ మంచు మీదికి నడిచి వెళ్లి, దానికి కన్నం పెట్టి, అందులోంచి గాలం వదిలి చేపలు పడతారు. ఆ కన్నానికి ఒకప్పుడు చేత్తో తిప్పే ఆగర్లు వాడారు, తరవాత పెట్రోల్ ఇంజన్లవి వచ్చాయి, ఇప్పుడు బ్యాటరీవి బాగా వాడుతున్నారు. దానికి తగిన కారణాలున్నాయి. మంచు మీద మైళ్ల దూరం సామాను లాక్కుపోయేవాడికి బరువు తక్కువ కావాలి. ఎముకలు కొరికే చలిలో పెట్రోల్ ఇంజన్ ఒక పట్టాన స్టార్టు కాదు. చలికి తాళలేక వాళ్లు మంచు మీదే చిన్న గుడారం వేసుకొని లోపల కూర్చుంటారు. ఆ మూసిన చోట ఇంజన్ ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండి ప్రాణం మీదికి వస్తుంది. పైగా చాలామందికి రోజుకు కావలసింది పదో ఇరవయ్యో కన్నాలు. వాళ్ల పనికి బ్యాటరీ చక్కగా సరిపోయింది. అయినా మంచు మోకాలి లోతు దాటి పేరుకున్నప్పుడు, పొద్దుగూకే దాకా కన్నాలు కొడుతూ పోవాలన్నప్పుడు పెట్రోల్ మిషన్ చేతబట్టేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో సంగతి విను. మిన్నెసోటా ప్రభుత్వ సహజ వనరుల శాఖ చేపల వేటగాళ్లకు చెప్పే మొదటి మాట మిషన్ గురించి కాదు. తేటగా ఉన్న కొత్త మంచు కనీసం 4 అంగుళాల మందం లేనిదే దాని మీద అడుగు పెట్టవద్దంటుంది. తెల్లబారిన మంచయితే దానికి రెట్టింపు మందం ఉండాలంటుంది. అంటే కాళ్ల కింద ఏముందో ముందు చూసుకొని, తరవాతే పనిముట్టు సంగతి ఆలోచించాలి. వాళ్ల నుంచి నువ్వు నేర్చుకోవలసింది ఇదే.

మంచు అంతా ఒకటే పదార్థం. అందులో గులకరాయి ఉండదు, వేరు ఉండదు. మొన పట్టిందంటే అడుగు దాకా ఒకే తీరుగా దిగుతుంది, తురుము దానంతటదే పైకి లేస్తుంది. మీ చెలక అట్లా కాదు. పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద మొరం, మొరంలో గుండ్రాళ్లు, గట్టుకు దగ్గరయితే తుమ్మ వేర్లు, వేప వేర్లు. ఒక మూల వెన్నలా దిగిన బిట్టు, అంటే మిషన్ కింద తిరుగుతూ తొలిచే మర, పది గజాల అవతల జానెడు దిగి మొరాయిస్తుంది. ఇక్కడ సూరత్‌లో మిషన్ కొని, ఏ తెలిసినవాళ్ల పొలంలోనో ఒకసారి తిప్పి చూసినా లాభం లేదు. ఇక్కడిది లోతైన నల్లరేగడి. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బంకలా బిట్టుకు చుట్టుకొని పైకి రానివ్వదు. దాని మొండితనం వేరు, మొరం మొండితనం వేరు. ఈ నేల మీద నెగ్గిన మిషన్ ఆ నేల మీద నెగ్గుతుందని ఎవరూ పూచీ పడలేరు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడిలో చదువుకున్నవాడివి, ఎక్కాలు గట్టిగానే వచ్చు నీకు. కాగితం, పెన్సిలు తీసుకో.

డ్రాగన్ ఫ్రూట్‌కు ఎకరానికి సుమారు 500 సిమెంటు స్తంభాలు, ఒక్కో స్తంభం చుట్టూ నాలుగు మొక్కలు, ఇది రైతులు పాటిస్తున్న పద్ధతి. ఇక్కడ కచ్ వైపు రైతులు ఈ పంటను బాగా పెంచుతున్నారు. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం ఆ పండుకు కమలం అని పేరు కూడా పెట్టింది. స్తంభం నాలుగు పలకలుగా 4 అంగుళాల మందం అనుకో. మూల నుంచి మూలకు దాదాపు 5.7 అంగుళాలు వస్తుంది. 6 అంగుళాల గుంతలో అది దిగుతుంది గాని, చుట్టూ మట్టి పోసి దిమ్మిస కొట్టడానికి చోటుండదు. కాబట్టి 8 అంగుళాల బిట్టు కావాలి. లోతు రెండడుగులు. అంటే గుంతకు దాదాపు 20 లీటర్ల మట్టి బయటికి రావాలి, తూకంలో 30 కిలోలకు తక్కువ కాదు. ఐదు వందల గుంతలకు 15 టన్నులు. నేల లోపలి నుంచి 15 టన్నుల మట్టిని తొలిచి పైకి తేవాలి నీ మిషన్. సరస్సు మీద పది కన్నాలు పెట్టేవాడి పనికీ దీనికీ పోలిక ఎక్కడిది?

దుకాణంలో పెద్ద బిట్టు చూసి మురిసిపోకు. 12 అంగుళాల బిట్టు 8 అంగుళాల దాని కంటే ఒకటిన్నర రెట్లే వెడల్పు, కానీ అది తీయవలసిన మట్టి రెండుంపావు రెట్లు. ఇంజన్ మీద, నీ నడుము మీద బరువు ఆ లెక్కనే పెరుగుతుంది. స్తంభానికి ఎంత కావాలో అంతే తవ్వు.

ఇక బలం సంగతి. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న టూ స్ట్రోక్ ఇంజన్ అందులో చాలా భాగం వేడిగా, పొగగా, మోతగా పారబోస్తుంది. బిట్టు దాకా చేరేది ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు. బ్యాటరీ మీద 40 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అని రాసి ఉందనుకో. రెండూ గుణిస్తే 200 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో ఐదో వంతు. మోటారు వృథా చేసేది కొంచెమే, అందులో ఎక్కువ భాగం పనికే వస్తుంది. అయినా లీటరు పెట్రోల్ చేసే పనికి అట్లాంటి బ్యాటరీలు ఆరు నుంచి తొమ్మిది దాకా కావాలి. చార్జింగుకు అయ్యే కరెంటు ఒక్కోదానికి పావు యూనిట్, అది ఖర్చే కాదు. పెట్రోల్ లీటరు తెలంగాణలో వంద రూపాయలు ఎప్పుడో దాటింది. ఇంత వరకు చూస్తే బ్యాటరీయే చౌక. కానీ అన్ని బ్యాటరీలు కొనడానికి పెట్టే పైసలు చూడు. ఒక్క బ్యాటరీతో సర్దుకుందామంటే అది అయిపోయిన ప్రతిసారీ చేలోంచి ఇంటికి నడవాలి, చార్జింగ్ అయ్యేదాకా కైకిలి మనుషుల్ని చెట్టు కింద కూర్చోబెట్టాలి. పెట్రోల్ అయితే డబ్బాలోంచి పోసి మళ్లీ తాడు గుంజడమే.

మోటారుకూ ఇంజన్‌కూ స్వభావంలో ఉన్న తేడా నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాంచాల మధ్య పెరిగినవాడివి. మోటారు స్విచ్ వేయగానే మొదటి చుట్టు నుంచే పూర్తి బలంతో గుంజుతుంది. పెట్రోల్ ఇంజన్ వేగం అందుకుంటే గాని దాని బలం బయటపడదు. గుంతలు తీసే పనిలో ఈ తేడా రెండు వైపులా పదునే. మోటారు నెమ్మదిగా తిరుగుతూ కూడా గట్టి పొరను పట్టి కొరుకుతుంది. ఇరుక్కుపోతే వెనక్కు తిప్పే మీట ఉంటుంది కాబట్టి బిట్టును విడిపించడం తేలిక. మామూలు పెట్రోల్ మిషన్లలో చాలావాటికి వెనక్కు తిప్పే వీలుండదు. ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, ఇద్దరు పట్టుకొని చేత్తో వెనక్కు తిప్పి లాగాలి. అదే మోటారు, బిట్టు రాయికి తగిలిన క్షణంలో తన బలమంతా పిడి మీదికి తిప్పుతుంది. బిట్టు తిరగలేకపోతే మిషనే తిరుగుతుంది, దాన్ని పట్టుకున్న మణికట్టు మెలిపడుతుంది. మంచి బ్యాటరీ మిషన్లలో ఇట్లాంటప్పుడు తక్షణం కరెంటు తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. కొనేటప్పుడు ఆ ఏర్పాటు ఉందా అని అడుగు. ఉందంటే ఆడించి చూపించమను. పెట్రోల్ దాంట్లో రేసు వదలగానే ఇంజన్ నెమ్మదించి క్లచ్చు విడిపోతుంది, బిట్టు నిలబడుతుంది. వేలు వదిలినా బిట్టు ఇంకా తిరుగుతుంటే ఆ మిషన్ క్లచ్చు బాగాలేదని అర్థం. దాన్ని ఊరికే ఇచ్చినా ముట్టుకోకు.

పెట్రోల్ మిషన్ తీసుకుంటే దాని తిండి సంగతి తెలుసుకో. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ పాత్ర వేరే ఉండదు. పెట్రోల్‌లో కలిపిన ఆయిలే లోపలికి పోయి పిస్టన్‌కు, బేరింగులకు తడి అందిస్తుంది. మిషన్‌తో వచ్చే పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అని ఉంటే 25 మిల్లీలీటర్లు, 50:1 అని ఉంటే 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. చేతి అందాజా పనికిరాదు, కొలత సీసా వాడు. ఆయిల్ తక్కువైతే ఇంజన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారి మొండికేస్తుంది. ఆయిల్ లేని ఒట్టి పెట్రోల్ పోసి ఒక్క పూట నడిపినా చాలు, ఇంజన్ చేతికి రాదు. పని అప్పజెప్పే ప్రతి మనిషికీ ఈ మాట చెప్పు. కలిపిన డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు.

ఇంకొకటి, ఇది ఈ మధ్య వచ్చిన మార్పు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి అంత బాధ లేదు గాని, ఏడాదిలో పది రోజులు నడిచి మిగతా నెలలు మూలన కూర్చునే చిన్న ఇంజన్‌కు అది చేటు. ట్యాంకులో నెలల తరబడి ఉన్న పెట్రోల్ నీరు పట్టి అడుగున వేరుపడుతుంది, కార్బురేటర్ సన్న రంధ్రాలు జిగురు పట్టి మూసుకుపోతాయి, రబ్బరు గొట్టాలు గట్టిబడి పగులుతాయి. అందుకని పని అయిపోయిన సాయంత్రమే ట్యాంకు వంపేసి, కార్బురేటర్‌లో మిగిలినది కాలిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపు. వచ్చే ఏడు తాడు గుంజినప్పుడు ఆ పది నిమిషాల శ్రమ విలువ తెలుస్తుంది.

బ్యాటరీకి కూడా తన కష్టాలున్నాయి. మంచు దేశంలో దానికి చలి శత్రువు. చలికి దాని సత్తువ తగ్గుతుంది, గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెడితే లోపల పాడవుతుంది. మన దగ్గర ఎండ శత్రువు. స్తంభాలు పాతేది మొక్కలు నాటక ముందు, అంటే నడి వేసవిలో. వైశాఖం ఎండలో, రేకుల కొట్టంలో పెట్టి చార్జింగ్ చేస్తే ఆ లిథియం బ్యాటరీ ఆయుష్షు తొందరగా హరించుకుపోతుంది. 45 డిగ్రీలు దాటిన వేడిలో మంచి చార్జర్లు అసలు పని చేయనే చేయవు. కాబట్టి పని నుంచి తీసిన బ్యాటరీని నీడలో చల్లారనిచ్చి, ఇంట్లో గాలి తగిలే చోట చార్జింగ్ పెట్టాలి. చాలాకాలం వాడకుండా ఉంచాలంటే నిండుగా కాదు, సగం చార్జింగుతో ఉంచాలి. కింద పడి ఉబ్బినదాన్ని ఇంట్లో ఉంచకూడదు. అడ్డమైన చార్జర్ తగిలించకూడదు.

ఇన్ని చెప్పాను గాని అసలు కోసేది ఇంజనూ కాదు, మోటారూ కాదు. బిట్టు చివర ఉండే మొన, దాని పక్కన ఉండే పళ్లు. అవి మొద్దుబారితే రెండు గుర్రాల బలమున్న ఇంజన్ కూడా మట్టిని కోయదు, రుద్దుతుంది. నేల నున్నగా మెరుస్తూ బిట్టు అక్కడే తిరుగుతుంటే ఇంజన్‌ను తిట్టకు, కిందికి వంగి మొన చూడు. మొరంలో అవి తొందరగా అరుగుతాయి. అందుకే పళ్లు విప్పి మార్చుకునే బిట్టే తీసుకో, ఒక జత అదనంగా దగ్గర పెట్టుకో. మంచు తొలిచేవాళ్లు తమ బిట్టు అంచుకు తొడుగు వేసి పసిబిడ్డలా కాపాడుకుంటారు. మనవాళ్లు ట్రాలీలోకి విసిరేస్తారు. ఆ అలవాటు నువ్వు చేసుకోకు.

నేలను మెత్తబరచుకోవడం కూడా తెలివే. గుర్తు పెట్టిన చోటల్లా ముందు రోజు సాయంత్రం గడ్డపారతో చిన్న గుంట చేసి, రెండు మూడు చెంబుల నీళ్లు పోసి వదిలెయ్. తెల్లారేసరికి లోపలికి ఇంకి పైపొర నానుతుంది. తొలకరి వాన పడి ఒకటి రెండు రోజులు ఆరిన చెలక అయితే ఇంకా మేలు. దిగేటప్పుడు ఒక్కసారే రెండడుగులు దించెయ్యకు. జానెడు దించు, పైకి లాగి మట్టి దులుపు, మళ్లీ దించు. లోపల మట్టి పేరుకున్నప్పుడే బిట్టు ఇరుక్కుంటుంది. రాయి తగిలితే దానితో పంతం పట్టకు. మిషన్ ఆపి పక్కన పెట్టి గడ్డపారతో రాయి పెకిలించు. మిషన్ వచ్చిందని గడ్డపారను ఇంట్లో వదిలి పోకు.

ఇక నీ ఒంటి సంగతి. ఇది మామ మాటగా కాదు, తండ్రి మాటగా విను. సాంచాల మోతలో ఏళ్లు గడిపి చెవులు మొద్దుబారిన పెద్దవాళ్లు మన గల్లీలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. పక్కన కూర్చున్న మనవడి మాట వినలేక తల ఊపుతారు. టూ స్ట్రోక్ ఇంజన్ పిడి పట్టుకొని నిలబడితే ఆ మోత నీ చెవికి రెండు మూరల దూరంలో ఉంటుంది. పత్తి పెట్టుకుంటే ఆగేది కాదు, చెవులు పూర్తిగా మూసే మఫ్ కొనుక్కో. గంటల తరబడి ఆ అదురు చేతుల్లోకి పోతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఏళ్ల తరబడి పోతే తెల్లబడి స్పర్శ పోతుంది. అరగంటకోసారి మనిషిని మార్చాలి. ఈ విషయంలో మాత్రం బ్యాటరీ మిషన్ ఎంతో నయం, ఆ మాట ఒప్పుకోవాలి.

మెడలో తువ్వాల, నడుముకు లుంగీ, చేతికి వదులు చొక్కా వేసుకొని తిరిగే బిట్టు దగ్గరికి పోవద్దు. సాంచా బెల్టు దగ్గర పాటించిన నియమం ఇక్కడా పాటించు. బిట్టు గుడ్డ అంచును పట్టిందంటే మనిషిని వదలదు. ప్యాంటు, బూట్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. బిట్టుతో కలిపితే పెట్రోల్ మిషన్ పది కిలోలకు పైన తూగుతుంది, రాయికి తగిలితే ఒంటి మనిషి చేతుల్లో ఆగదు. ఇద్దరు పట్టుకునే పిడులున్నదే వాడు. నువ్వు ఒక్కడివే చేలో ఉన్నప్పుడు ఇది స్టార్టు చెయ్యకు.

గుర్తు పెట్టే ముందు నేల లోపల ఏం పోతోందో తెలుసుకో. మీ చెలకలో అయితే బోరు మోటారు కేబుల్, పాత పైపులైను. ఏ గట్టు వెంట వేశారో మీ నాన్నకు తెలిసి ఉంటుంది, పక్కన నిలబెట్టుకొని గుర్తు పెట్టించు. ఇక్కడ సూరత్‌లో ఎవరికైనా సరదాగా గుంత తీసి చూపిద్దామనుకుంటే అసలు వద్దు. ఈ గల్లీల కింద వంట గ్యాసు పైపులు పోతున్నాయి.

ఇప్పుడు నా తీర్పు చెబుతాను.

నీ ఎకరం ఒక్కదానికే అయితే రెండిట్లో ఏదీ కొనకు. అద్దెకు తెచ్చుకో. ట్రాక్టరుకు వెనక తగిలించే గుంతలు తీసే పనిముట్టు దొరికితే అది అన్నిటి కంటే మేలు, బరువంతా ట్రాక్టరే మోస్తుంది. చుట్టుపక్కల మండలాల్లో యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలు ఉన్నాయేమో వ్యవసాయాధికారిని అడుగు. ట్రాక్టరు తిరగని మూలల్లో చేతి మిషన్‌తో తీయవచ్చు. డ్రాగన్ ఫ్రూట్‌కు అసలు పెట్టుబడి మిషన్ మీద కాదు. స్తంభాల మీద, పైన వేసే చక్రాల మీద, మంచి మొక్కల మీద, డ్రిప్ మీద. నాటిన స్తంభం ఇరవై ఏళ్లు నిలబడాలి. గుంతలు తీసే పని కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆ కొద్ది రోజుల కోసం మొక్కల పైసలు ముట్టుకోకు, దానికోసం అప్పు అసలే చెయ్యకు.

అట్లా కాదు మామా, నా పని అయ్యాక ఊళ్లోవాళ్లకు, పక్క ఊళ్లకు గుంతలు తీసి నాలుగు పైసలు సంపాదిస్తానంటావా, అప్పుడు పెట్రోల్‌దే కొను. రోజంతా నడవాలి, మొరంలో దిగాలి, చెడిపోతే మండల కేంద్రంలోని మెకానిక్ చేతికి రావాలి. పురుగుమందు పంపులు, చెట్లు కోసే రంపాలు బాగుచేసేవాడికి ఈ ఇంజన్ కూడా తెలిసినదే. బ్యాటరీ మిషన్‌లో బోర్డు పోతే ఆ మండలంలో దాన్ని విప్పగలిగేవాడు ఎవరో ముందు కనుక్కో. దొరకకపోతే కంపెనీకి పంపి ఎదురుచూడాలి. సీజన్ అంతా ఆ ఎదురుచూపులోనే పోతుంది.

బ్యాటరీది ఎప్పుడు కొనవచ్చంటే, తోట నిలబడ్డాక. ఏడాదికి పది స్తంభాలు మార్చడానికి, కంచె కట్టడానికి, గట్టు మీద టేకు మొక్కలకు చిన్న గుంతలు తీయడానికి అది హాయిగా సరిపోతుంది. మీ అమ్మ కూడా భయం లేకుండా పట్టుకోగలదు. అప్పటికి మందు కొట్టే పంపుకో, కొమ్మలు కత్తిరించే కత్తెరకో బ్యాటరీ కొని ఉంటావు. అదే బ్యాటరీ పట్టే ఆగర్ తీసుకుంటే ఖర్చు కలిసొస్తుంది. బ్యాటరీలు ఏటేటా మెరుగుపడుతున్నాయి. ఇవాళ నీ మొరానికి చాలనిది నాలుగేళ్లకు చాలవచ్చు. అప్పుడు మళ్లీ లెక్క వేసుకో, నా మాట పట్టుకొని కూర్చోకు.

ఏది కొన్నా సూరత్‌లో కొనవద్దు. ఇక్కడ కాస్త తక్కువకు దొరుకుతుందని చూస్తున్నావు. రేపు స్ప్రింగు తెగినా, క్లచ్చు అరిగినా విడి భాగం కోసం ఇంత దూరం రావాలి. జనగామలోనో వరంగల్‌లోనో కొను. అమ్మినవాడి దుకాణం ముందే నిలబడి అడిగే వీలుంటుంది. కాదు, ఇక్కడ ఎవరిదో వాడినది చేతికొచ్చింది, తీసుకుపోతానంటే నవజీవన్ రైలు ఎక్కే ముందు ట్యాంకులో చుక్క లేకుండా వంపేసి, మూత తెరిచి వాసన పోయేదాకా ఆరబెట్టు. రైల్లో పెట్రోల్ తీసుకుపోవడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, జైలు దాకా పోతుంది. అంతకు మించి, అదే బోగీలో పసిపిల్లలతో పండక్కి పోతున్న మనవాళ్లు ఉంటారు.

అల్లుడూ, మిషన్ అమ్మేవాడు మిషన్‌నే పొగుడుతాడు, వీడియో తీసినవాడు చక్కగా దిగిన గుంతనే చూపిస్తాడు. నీ నేల గురించి నీకు నిజం చెప్పేది నీ నేల ఒక్కటే. వచ్చే వారం ఊరికి పోతున్నావు కదా, ఏమీ కొనకుండా ఒట్టి చేతులతో పో. చెలక నాలుగు మూలలా, నడుమ ఒక చోటా గడ్డపారతో రెండడుగులు తవ్వు. ఎన్ని జానల మీద మొరం తగిలిందో, రాళ్లు ఎంత లావున వచ్చాయో కాగితం మీద రాసుకొని నాకు ఫోన్ చెయ్యి. ఒక మిషన్ అద్దెకు తెచ్చి అక్కడే పది గుంతలు తీసి, ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో చూసుకో. ఆ తరవాతే జేబులోంచి పైసలు తియ్యి.